అచ్చొచ్చిన కుండీ

నేను ఒక మట్టి కుండీని. నా అంచు ఒక పక్కకి కాస్త వంకర. ఆ మాట వేరేవాళ్లు ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నాను. తప్పు నాది కాదు. కుమ్మరి వీరభద్రం నన్ను సారె మీద తిప్పుతూ సరిగ్గా అంచు దిద్దే సమయానికి వాకిట్లో ఎవరో పిలిచారు. ఆయన తల తిప్పాడు, తలతోపాటు చెయ్యీ తిరిగింది. మళ్లీ దిద్దే ఓపిక లేక అలాగే ఎండబెట్టి కాల్చేశాడు. మనుషులు ఒక్క క్షణం పరాకుగా ఉంటే మాలాంటివాళ్లం దాన్ని జన్మంతా మొయ్యాలి.

కడియపులంకలో చిట్టబ్బాయి గారి నర్సరీకి మమ్మల్ని బండి మీద తోలారు. దింపుతుంటే ఆయన నన్ను కాలితో పక్కకి నెట్టి, ఇది వంకరది, అవతల పడెయ్యండి అన్నారు. నూకరత్నం పనిలోకి వచ్చింది ఆ రోజే. అప్పటికి ఇరవయ్యేళ్ల పిల్ల, పెళ్లయి ఏడాది కూడా కాలేదు. పారేసేదే కదండీ, నేను తీసుకోనా అని అడిగి నన్ను చంకనెత్తుకుంది. ఇక బతకదని అందరూ వదిలేసిన సన్నజాజి కొమ్మ ఒకటి నాలో గుచ్చింది. అది బతికింది. నా పొగరు అలా మొదలైంది.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నేను ఆ షెడ్డుకి ఆసుపత్రిని. వేరు కుళ్లిన సంపెంగ, పూణే నుంచి వస్తూ దారిలో వాడిపోయిన గులాబీ, పేనుబంక పురుగు పట్టిన మందారం, ఏది మంచాన పడినా నూకరత్నం తెచ్చి నాలో పెట్టేది. మాగిన పశువుల ఎరువు గుప్పెడు, పైన గుళికల ఎరువు చిటికెడు, పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు. నెల తిరక్కుండా మొక్క కోలుకునేది. కోలుకోగానే దాన్ని వేరే కుండీలోకి మార్చేసేవారు, నన్ను ఇంకో రోగికి ఖాళీ చేసేవారు. నన్ను అచ్చొచ్చిన కుండీ అనేవారు. నా ఒంటి మీద ఎప్పుడన్నా తెల్లటి పొర తేలితే, కుండీ విభూది పెట్టుకుందే అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. నూకరత్నం తడిగుడ్డతో తుడిచేది. ఆ తెలుపు ఏమిటని ఆవిడ అడగలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆలోచించలేదు.

నాకు పేరు పెరిగినకొద్దీ ఆవిడకి దగ్గు పెరిగింది. పురుగుమందు డబ్బా వీపుకి తగిలించుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఇరవై రెండేళ్లు వరసల మధ్య తిరిగిన మనిషి. మిగిలిన పొద్దు ఎండిన ఎరువుని పొడిచేసి మట్టిలో కలపడం. కిందటి వర్షాకాలంలో రాజమండ్రి డాక్టరు ఎక్స్‌రే చూసి ఖచ్చితంగా చెప్పేశాడట. మందు వాసన, ఎరువు దుమ్ము ఈ రెండూ మానకపోతే మరో రెండేళ్లకి మెట్లెక్కడం కూడా నీ వల్ల కాదు అన్నాడట. ఆ మాట ఆవిడ మా షెడ్డులో ఆదిలక్ష్మికి చెబుతుంటే విన్నాను. ఆదిలక్ష్మి ఆవిడ కంటే పదేళ్లు చిన్నది, ఒకే వరసలో పనిచేసే స్నేహితురాలు. నర్సరీలో మందూ ఎరువూ లేని పని ఎక్కడుందే అని నూకరత్నం అడిగితే ఆ పిల్ల దగ్గర జవాబు లేదు.

కార్తీకంలో జవాబు దొరికింది. చిట్టబ్బాయి గారికి పురుగుల్ని తినే మొక్కల మీద మోజు పుట్టింది. హైదరాబాదులో వాటిని ఎగబడి కొంటున్నారని ఎవరో చెప్పారు. వాటికోసం పచ్చవల కట్టి కొత్త షెడ్డు లేపారు. మదనపల్లె దగ్గర వాటిని ముప్పయ్యేళ్లుగా పెంచుతున్న షరీఫ్ గారిని రప్పించారు. తెల్లటి గడ్డం, నెమ్మది మనిషి. ఆయన మూడు రకాలు తెచ్చి మా షెడ్డు అరుగు మీద, నా పక్కనే పెట్టారు. రెండిటికి ఆకు చివర తీగలా సాగి, ఆ తీగ చివర మూతున్న కూజాలా ఒకటి వేలాడుతుంది. పురుగు తేనె కోసం వచ్చి అందులో జారిపడుతుంది. పుస్తకాల్లో ఏదో నోరు తిరగని పేరుందట, మావాళ్లు ఆ పూటే కూజా మొక్క అనేశారు.

వీటికి ఎరువు వెయ్యకూడదు, మందు కొట్టకూడదు అని షరీఫ్ గారు అంటుండగా నూకరత్నం చేతిలో పని ఆగిపోవడం చూశాను. ఇరవై రెండేళ్లలో ఆవిడ కామందుని తనంతట తాను ఏదీ అడిగి ఎరగదు. ఆ రోజు అడిగింది. ఆ కొత్త షెడ్డు నాకు ఇప్పించండి అంది. చిట్టబ్బాయి గారు చెడ్డవారేం కాదు, కానీ ఏదైనా పరీక్ష పెట్టందే ఇవ్వని రకం. ఒక మొక్క ఎంచుకో, శివరాత్రి నాటికి మన గాలిలో అది ఒక్క కొత్త కూజా తెరిచిందా, షెడ్డు నీ చేతిలో పెడతాను, లేదా షరీఫ్ గారి మనిషిని పిలిపించుకుంటాను అన్నారు. అంటూనే మొదటి మొక్క వైపు చెయ్యి చూపించారు. దాని కూజాలు చెంబుల్లా ఉన్నాయి, అంచున ఎర్రటి పళ్లు. రెండోదానికి సన్నాయిల్లాంటి గొట్టాలు కుండీలోంచి నిలువుగా లేచాయి. మూడోదాని కూజాలు దారిలోనే ఎండి రాలిపోయాయి. బోసి ఆకులతో దిష్టి తియ్యడానికి కూడా పనికిరానట్టుంది.

నూకరత్నం మూడింటి చుట్టూ తిరిగింది. కూజాల వంక చూడనేలేదు. మొవ్వు చూసింది, ఆకు మధ్యలో వంచి చూసింది, కుండీ కింద చిల్లులోంచి వేరు చూసింది. చివరికి షరీఫ్ గారి ముందు నిలబడింది.

“ఒక్కటి అడుగుతానండి. ఈ మూడిట్లో మీ తోటలో ఏది ఎక్కువుందండి?”

షరీఫ్ గారు గడ్డం నిమురుకుంటూ నవ్వారు. “అందరూ ఏది బాగుందని అడుగుతారమ్మా. ఈ మాట ఎవురూ అడగలా. ఆ బోసిదే ఎక్కువ, శానా ఉండాయి. కత్తిరించి పారేసినా చిగురేస్తాది. ఆ పళ్లదానికి రాత్రిపూట చలి కావల్ల, మీ గోదారి గట్టున ఉడికిపోతాది. ఆ గొట్టాలది చలికాలమంతా పడుకోవల్ల, మీ చలి దానికి చాలదు.”

ఎక్కువున్నదే చావనిది, ఆవిడ లెక్క అదీ. కామందు మొహం చిన్నబుచ్చుకున్నా ఆవిడ బోసి మొక్కనే ఎత్తుకుంది. నాకు ముచ్చటేసింది, వంకర కుండీని ఎంచుకున్న చెయ్యి కదా అది.

షరీఫ్ గారు బండెక్కే ముందు జాగ్రత్తలు చెప్పారు. వాన నీళ్లు తప్ప వేరేవి పొయ్యొద్దన్నారు. ఎండు నాచు, కడిగిన కొబ్బరిపీచు తప్ప మట్టి తగలనివ్వొద్దన్నారు. ఇప్పుడున్న నల్ల ప్లాస్టిక్ కుండీలోనే ఉండనీ, కదిలించొద్దన్నారు. ఆవిడ అన్నింటికీ తలూపింది. ఆ ఆఖరి మాట మాత్రం ఒంటబట్టించుకోలేదు. మా షెడ్డు ఆడవాళ్లకి ఒక పట్టింపుంది. పరాయి ఊరినుంచి వచ్చిన మొక్కని పరాయి కుండీలో ఉంచితే అది ఇక్కడి నీడకి మాలిమి కాదని వాళ్ల నమ్మకం. మూడోరోజున మన మట్టికుండీలోకి దింపి, కుండీకి పసుపు రాయాలి. మరి ఇంత ముఖ్యమైన మొక్కని ఏ కుండీలో దింపుతారు? నన్ను బూడిదపెట్టి తోమి, ఎండబెట్టి, పసుపు రాశారు. పెళ్లికొడుకుని చేశారనుకోండి. దీన్నీ బతికించి పంపిస్తానని నేను ధీమాగా కూర్చున్నాను.

తుపాను వానకి పట్టిన నీళ్లు నీలం డ్రమ్ములో మూతేసి ఉన్నాయి. అవే గ్లాసుతో కొలిచి పోసేది నూకరత్నం. మొదటి రెండు వారాలు బాగానే నడిచింది. కొత్త ఆకు సాగింది, దాని చివర తీగ దిగింది, తీగ కొసన పెసరగింజంత మొగ్గ కట్టింది. పుష్యమాసం వచ్చేసరికి ఆ మొగ్గ నల్లబడి ఎండిపోయింది.

గాలిలో తడి చాలలేదనుకుంది ఆవిడ. చుట్టూ గోనెసంచులు కట్టి తడిపింది. రెండో మొగ్గ వచ్చింది, అదీ మాడింది. ఎండ ఎక్కువైందేమోనని తూర్పు మూలకి జరిపింది. ఆకుల అంచులు తుప్పు రంగు తిరిగాయి. శివరాత్రి దగ్గరపడుతోంది. చిట్టబ్బాయి గారు వారానికోసారి వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లేవారు. ఏమన్నా అంటేనే నయం అనిపించేది.

మొదట్లో నాకూ తెలియలేదు. సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. స్వచ్ఛమైన వాన నీళ్లు నా గోడల్లోకి ఇంకుతుంటే లోపల ఏదో కదిలేది. ఇన్నేళ్లుగా నాకు పోసిన బోరు నీళ్ల ఉప్పూ, గుళికల ఎరువు సారమూ నా మట్టి పొరల్లో దాగి ఉన్నాయి. సంపెంగలు, మందారాలు గట్టివి, తట్టుకున్నాయి. ఇది అలాంటి మొక్క కాదు. ఉత్త నీటి మీద బతికే జాతి. నాలోంచి కరిగింది కొంత బయటికి తెల్లగా తేలింది, ఎక్కువ భాగం లోపలికి, నాచులోకి, ఆ సన్నటి వేళ్లలోకి దిగింది. దాన్ని చంపుతున్నది నేనేనని అర్థమైన రోజున నాకు కాలు చెయ్యి ఆడలేదు. కాలూ చెయ్యీ లేనివాణ్ణి, ఇంకేం చెయ్యగలను? నన్ను తుడవకు తల్లీ, ఆ తెలుపుని ఒక్కసారి చూడు అని రోజూ మొత్తుకున్నాను. రోజూ పొద్దున్నే ఆవిడ తడిగుడ్డతో నన్ను శుభ్రంగా తుడిచేది.

అనుమానం మనుషులకి మొదట మనుషుల మీదికే వెళుతుంది. డ్రమ్ములో ఎవరో బోరు నీళ్లు కలిపారనుకుంది నూకరత్నం. డ్రమ్ము దగ్గరికి వెళ్లేది తనూ ఆదిలక్ష్మీ మాత్రమే. నేను కొత్త షెడ్డులోకి పోతే మందు డబ్బా నీ వీపెక్కుతుందని భయమా అని మొహం మీదే అడిగేసింది. ఆ రోజునుంచి ఆదిలక్ష్మి అన్నం గిన్నె వేరే చెట్టుకింద విప్పుకుంది. అన్నాక నూకరత్నం కూడా బాధపడింది, నాకు తెలుసు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మాఘం వచ్చింది. శివరాత్రి ఇంకా మూడు వారాలుందనగా ఆవిడకి ఆయాసం తిరగబెట్టింది. మూడు రోజులు పనిలోకి రాలేదు. ఆ మూడు రోజులూ ఆదిలక్ష్మే గ్లాసుతో కొలిచి నీళ్లు పోసింది. పోసిందే కానీ నన్ను తుడవలేదు. నాలుగో రోజు నూకరత్నం గోడ పట్టుకుని నడుస్తూ వచ్చేసరికి నా ఒళ్లంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది.

అది చూసి ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. బోరు నీళ్లు పోశావు కదూ అని ఆదిలక్ష్మి మీదికి వెళ్లింది. ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి లాక్కెళ్లి మూత తీసి, ఎంతవరకు తగ్గిందో చూపించింది.

“నా పిల్లల మీద ఒట్టక్కా. ఇందులో నీళ్లే పోశాను. కావాలంటే నువ్వే రుచి చూడు.”

నూకరత్నం దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుంది. తియ్యగా ఉన్నాయి. వెనక్కి వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. మట్టినీ నీళ్లనీ నాలికతో చూసి చెప్పడం మావాళ్లకి అలవాటే. గోరుతో నా మీద పెచ్చు గీకి నాలిక మీద వేసుకుంది. తర్వాత అంచు లోపల, నాచు తగిలే చోట గీకి మళ్లీ వేసుకుంది. ఉప్పని ఆవిడకి తెలిసిపోయింది. ఆ ఉప్పు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరు పోశారో కూడా తెలిసిపోయింది.

మొక్కకి ఒక్కటే మొగ్గ మిగిలింది. చిటికెన వేలి గోరంత, ఇంకా పచ్చగా ఉంది. నన్ను బోర్లించి తట్టి మొక్కని జారనివ్వాలని చూసింది. రాలేదు. దాని వేళ్లు నల్లటి వెంట్రుకల్లాంటివి, నా గరుకు గోడలకి అంటుకుపోయి ఉన్నాయి. కొంచెం లాగగానే ఒకటి పుటుక్కున తెగింది. ఆవిడ చెయ్యి వెంటనే ఆగిపోయింది. ఇంకో నాలుగు వేళ్లు తెగితే ఆ మొగ్గ నిలవదు, మొగ్గ నిలవకపోతే మళ్లీ మందు డబ్బాయే. పెచ్చు మీద వేలు పెట్టి ఆవిడ నన్నే చూస్తోంది. ఆదిలక్ష్మి వెళ్లి కొడవలి తెచ్చి పక్కన పెట్టింది. నీ మొదటి కుండీ కదక్కా అని మాత్రం అంది.

కొట్టు, అన్నాను నేను. జన్మలో ఇంత గట్టిగా ఏదీ కోరుకోలేదు. ఆవిడ కొడవలి తిరగేసి, వీరభద్రం చెయ్యి జారినచోట, గోడ పలచగా ఉన్న పక్కన చిన్నగా తట్టింది. మొదటి దెబ్బకి బీటిచ్చాను. రెండో దెబ్బకి విడిపోయాను. చెప్పొద్దూ, నొప్పి వేసింది. నా గోడల లోపలి మట్టి ఇరవై రెండేళ్లలో మొదటిసారి వెలుతురు చూసింది. ఒక్కో పెంకునీ తడుపుతూ, వేలితో వేరుని విడదీస్తూ ఆ ఇద్దరూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఇంకో వేరు తెగలేదు. మొక్కని వాన నీళ్లలో మూడుసార్లు ముంచి కడిగారు. షెడ్డు వెనక పారేసిన నల్ల ప్లాస్టిక్ కుండీ వెతికి తెచ్చి, కొత్త నాచు వేసి అందులో పెట్టారు. నిన్ను అనకూడని మాటన్నానే అంది నూకరత్నం. అన్నం తిందాం పద అంది ఆదిలక్ష్మి.

నన్ను షెడ్డు గోడవారగా పోగుపెట్టారు. అక్కడినుంచి మొక్క బాగానే కనిపిస్తుంది. మొగ్గ నల్లబడుతుందేమోనని నేను చూడని రోజు లేదు. వారానికి అది చిక్కుడు గింజంత అయింది. పద్నాలుగో రోజుకి బొటనవేలంత అయి, ఒళ్లు తిరిగి, కూజా ఆకారం వచ్చింది. మూత మాత్రం గట్టిగా అతుక్కుని ఉంది. శివరాత్రి ముందు రోజు నూకరత్నం అయిదుసార్లు వచ్చి చూసింది. గోటితో మూత పైకెత్తేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ వేలు ఒకసారి అక్కడిదాకా వెళ్లడం నేను చూశాను. మళ్లీ వెనక్కి తీసుకుంది.

శివరాత్రి పొద్దున చిట్టబ్బాయి గారు తలస్నానం చేసి వచ్చారు. వంగి కూజాని చూశారు. తెరుచుకోలేదు కదా అన్నారు. ఆ మాటలో కోపం లేదు, కొంచెం జాలి కూడా ఉంది. షరీఫ్ గారికి చెయ్యడానికి జేబులోంచి ఫోను తీశారు. నూకరత్నం బతిమాలలేదు. మొక్కలో లోపం లేదండి, తప్పు నాది, పెట్టిన కుండీ తప్పు అని జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆయన నా పెంకుల వైపు చూసి కాలితో ఒక ముక్కని కదిపారు. అచ్చొచ్చిందన్న కుండీయే ఎంత పని చేసిందే అన్నారు.

ఆవిడ ఏమంటుందోనని నా పెంకులన్నీ చెవులు రిక్కించాయి.

“కుండీననకండి,” అంది నూకరత్నం. “ఇరవై రెండేళ్లు నేను పోసిందే అది దాచుకుంది. నా రొమ్ములో ఉన్నదీ అదేనండి, మీ మందే. దాన్ని పగలగొట్టి మొక్కని తీశాను. నన్నలా పగలగొట్టి తియ్యడానికి కుదరదు కదండి.”

చిట్టబ్బాయి గారు ఫోను చేతిలో పట్టుకునే ఉన్నారు, నంబరు నొక్కలేదు. తర్వాత దాన్ని జేబులో పెట్టుకున్నారు. మేకుకి వేలాడుతున్న మందు డబ్బాని ఇరవై రెండేళ్లలో మొదటిసారి తన చేత్తో తాను దింపారు. ఈ రోజునుంచి నువ్వు కూజాల షెడ్డులోనే ఉండు రత్నం అన్నారు. నూకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తల ఎత్తి ఆదిలక్ష్మిని చూసింది.

“మరి ఆ డబ్బా ఎవరి వీపెక్కుతుందండి?”

ఆయన డబ్బా వంక చూశారు, ఆదిలక్ష్మి వంక చూశారు. పట్టీలు వేలాడుతున్న డబ్బాని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు మోస్తూ నిలబడి, చివరికి వంగి నా పెంకుల మీద పెట్టి వెళ్లిపోయారు.

కూజా మూడోరోజు పొద్దున తెరుచుకుంది. మధ్యాహ్నానికి ఒక చీమ అందులో పడింది. ఆ సంగతి చెప్పడానికి నూకరత్నం షెడ్డు గుమ్మంలోంచి ఆదిలక్ష్మిని కేకేసింది. దగ్గు అడ్డం రాకుండా మాట పూర్తయింది. గులాబీల వరసలో పేనుబంక మొదలైందని, మందు కొట్టాలని నిన్న ఆడవాళ్లు అన్నారు. చిట్టబ్బాయి గారు రోజూ పొద్దున వచ్చి, డబ్బా వంక చూసి వెళుతున్నారు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. దాన్ని ఇంకా ఎవరూ ఎత్తుకోలేదు.